గుర్రం నోట్లో ఇనుము తీసేస్తే ఏం మారుతుంది?

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుంది’ అని సామెత. నోట్లో పెట్టే ఇనపకడ్డీని, అంటే బిట్‌ని, తీసేసి గుర్రాన్ని ఎక్కుతానని ఎవరైనా అంటే చుట్టూ ఉన్నవాళ్ళ మనసులో మెదిలేది ఇదే. ‘మరి ఆపడమెలా?’ అని వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే గుర్రాన్ని ఆపేది నోట్లోని ఇనుమేనన్న నమ్మకం ఆ ప్రశ్న అడుగున ఉంది. బిట్ వద్దనే వాళ్ళలో చాలామందికి ఇంకో నమ్మకం ఉంది: ఇనుము తీసేస్తే చాలు, గుర్రానికి ఇక నొప్పన్నదే ఉండదని. రెండూ సగం సగం నిజాలే. బిట్ తీసేస్తే ఒత్తిడి పోదు, నోట్లోంచి లేచి ముక్కు మీదికీ దవడ కిందికీ చెవుల వెనక్కీ చేరుతుంది. అక్కడ అది మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది పగ్గాలు పట్టుకున్న చేతి మీద ఆధారపడి ఉంటుంది. అయినా నేను బిట్ లేని కళ్ళెం (బిట్‌లెస్) వైపే మొగ్గుతాను. ఎందుకో, ఎప్పుడో, ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. తలకు తొడిగే పట్టీలనీ, నోట్లో ఉండే ఇనుమునీ, ఒక్కోసారి పగ్గాలనీ కూడా కలిపి మనం కళ్ళెం అనేస్తాం. ఇక్కడ ఆ కలగలుపు పనికిరాదు. ఈ వ్యాసంలో కళ్ళెం అంటే తలకు తొడిగే మొత్తం సరంజామా. నోట్లో పెట్టే కడ్డీ బిట్. బిట్ లేని కళ్ళేన్ని గుర్రాలవాళ్ళంతా బిట్‌లెస్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను.

నోట్లో ఏముంది

గుర్రం పెదవి మూలలోంచి బొటనవేలు లోపలికి పోనిచ్చి చూడండి. పళ్ళు తగలవు. ముందుండే కొరికే పళ్ళకీ వెనకుండే నమిలే పళ్ళకీ మధ్య రెండు వైపులా ఖాళీ చిగురుంటుంది. మగ గుర్రాలకు ఆ దారిలోనే కోరపళ్ళు వస్తాయి. బిట్ కూర్చునేది ఈ ఖాళీలోనే. గుర్రాన్ని స్వారీ కోసమే పుట్టించారనడానికి ఈ ఖాళీనే సాక్ష్యంగా చూపేవాళ్ళున్నారు. కానీ ఇలాంటి ఖాళీ ఆవుకీ ఉంది, కుందేలుకీ ఉంది. గడ్డి తినే జంతువుల దవడ పొడుగ్గా ఉంటుంది, అంతే.

ఆ ఖాళీ దగ్గర కింది దవడ ఎముక సన్నబడుతుంది. పై అంచు గట్టులా తేలి ఉంటుంది. దాని మీద కండ లేదు, కొవ్వు లేదు. పల్చని చిగురు, దాని కిందే ఎముక. మీ కాలి ముందెముక మీద ఒక ఇనపకడ్డీ ఆనించి నొక్కితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇంచుమించు అలాంటి చోటు. ఇక నాలుక. మూసిన నోట్లో గుర్రం నాలుక దాదాపు ఉన్న జాగా అంతా నింపేస్తుంది. బిట్‌కి అక్కడ ఖాళీ గది ఏమీ లేదు, నాలుకను అణచే చోటు చేసుకోవాలి. గుర్రం నాలుకను వెనక్కి లాక్కోవడం, బిట్ మీదికి ఎక్కించడం, పక్కకు వేలాడేయడం, దవడలు అడ్డదిడ్డంగా కదిలించడం అనేవి మొండితనం కింద జమకట్టేముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. చాలా గుర్రాలకు నమిలే పళ్ళ ముందు తోడేలు పళ్ళని పిలిచే చిన్న పళ్ళుంటాయి. బిట్ వాటికి తగిలితే ఇంకో తంటా.

ఇదంతా ఊహ కాదు. ఫిన్లాండ్‌లో పరిశోధకులు పందెం పూర్తిచేసిన 261 ట్రాటర్ (బండి లాగుతూ పందెంలో పరుగెత్తే) గుర్రాల నోళ్ళు తెరిచి చూసి 2019లో ఫలితాలు ప్రచురించారు. బిట్ ఆనే చోట 84 శాతం గుర్రాలకు తాజా గాయాలున్నాయి. వాటిలో బయటి నుంచి చూస్తే రక్తం కనబడినవి చాలా కొద్ది. పందెపు గుర్రాల సంగతి వేరు, వారానికి రెండుసార్లు నెమ్మదిగా తిరిగి వచ్చే గుర్రానికి ఇదే లెక్క వర్తించదని అనొచ్చు, నిజమే. కానీ నన్ను ఆపి ఆలోచింపజేసింది ఆ శాతం కాదు. మూసిన నోటి లోపల ఏం జరుగుతోందో బయట నిలబడ్డ మనిషికి తెలియదన్నదే. ముక్కు మీద పట్టీ ఒరుసుకుంటే వెంట్రుకలు రాలతాయి, కనబడుతుంది. నోట్లో పుండు పడితే, తెరిచి చూస్తే తప్ప తెలియదు. నేను బిట్‌లెస్ వైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే. తప్పు జరిగితే కంటికి కనబడే చోట జరుగుతుంది.

ముక్కు కూడా మెత్తని చోటే

ఇప్పుడు రెండో పక్క. గుర్రం ముఖం మీద, కళ్ళ మధ్య నుంచి కిందికి వేలితో గట్టిగా రాసుకుంటూ రండి. చాలా దూరం ఎముక తగులుతుంది. ముక్కుపుటాలకు కాస్త పైన హఠాత్తుగా వేలు దిగబడుతుంది. అక్కడికి ఎముక అయిపోయింది. ఆ పైనున్న ఎముక కొస సన్నగా, కింద ఆధారం లేకుండా ముందుకు చాచుకుని ఉంటుంది. బిట్‌లెస్ పట్టీ ఆ కొస మీదో అంతకన్నా కిందో పడిందంటే, గట్టిగా లాగిన ప్రతిసారీ సన్నని ఎముకను వంచుతున్నట్టే, గాలి దారిని నొక్కుతున్నట్టే. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, దానికున్నది ముక్కొక్కటే. పైగా చెంప ఎముక గట్టుకు ముందు వైపున, కంటికి కింద, ఒక చిన్న రంధ్రంలోంచి నరం ఒకటి బయటికొచ్చి ముక్కుకీ పై పెదవికీ కొమ్మలుగా పాకుతుంది. గడ్డిలోంచి ఒక్క రాయిని ఏరి పక్కన పెట్టగలిగేంత సున్నితం ఆ పెదవికి ఆ నరం వల్లే వచ్చింది. పట్టీ పడేది ఆ నరం పాకే ఇలాకాలోనే.

2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 144 స్వారీ గుర్రాల తలలకు ఎక్స్‌రే తీశారు. నోస్‌బ్యాండ్ (ముక్కు చుట్టూ బిగించే పట్టీ) కూర్చునే చోట ముక్కు ఎముకల్లోనూ కింది దవడలోనూ చెప్పుకోదగ్గ సంఖ్యలో గుర్రాలకు మార్పులు కనబడ్డాయి. నోస్‌బ్యాండ్ బిట్ ఉన్న కళ్ళేనికీ ఉంటుంది కాబట్టి ఇది బిట్‌లెస్ మీద తీర్పు కాదు. ముక్కు మీద పట్టీ ఏ పేరుతో ఉన్నా బిగిస్తే ఎముకే భరించాలన్నది ఇందులో తేలేది. ఎంత బిగిస్తున్నారో కూడా లెక్కలున్నాయి. పోటీలకు వచ్చిన 750 గుర్రాలను కొలిచి 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పట్టీ కింద రెండు వేళ్ళు పట్టేంత వదులు ఇచ్చినవాళ్ళు 7 శాతం మాత్రమే. 44 శాతం గుర్రాలకు కొలిచే పరికరం కొస కూడా దూరలేదు. ఆ బిగింపు అలవాటైన చేతులతోనే బిట్‌లెస్ కళ్ళేన్నీ బిగిస్తే, ఇనుము తీసి ఏం బాగుపడినట్టు?

ఒకే పేరు, నాలుగు పనిముట్లు

బిట్‌లెస్ అన్నది ఒక వస్తువు పేరు కాదు. ఆ పేరు కింద ఒకదానికొకటి పోలికే లేని పనిముట్లు అమ్ముతారు. గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. ఒకరు ‘బిట్‌లెస్ చాలా మెత్తన’ అంటారు, ఇంకొకరు ‘బిట్ కన్నా కఠినం’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, వాళ్ళ చేతిలో ఉన్నవి వేరు.

అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేది సైడ్‌పుల్. ముక్కు పట్టీకి రెండు పక్కలా రింగులు, వాటికి పగ్గాలు. ఎడమ పగ్గం లాగితే ముక్కు ఎడమకు వస్తుంది. మీట లేదు, గొలుసు లేదు. చెయ్యి ఎంత లాగితే అంతే చేరుతుంది, చెయ్యి వదిలితే వెంటనే వదులుతుంది. మార్చుకోదలచిన వాళ్ళలో నూటికి తొంభైమందికి నేను చెప్పేది దీన్నే. దీని లోపమల్లా చెంపపట్టీ. దవడ కింద పట్టీ సరిగ్గా లేకపోతే ఎడమకు లాగినప్పుడు కుడి చెంపపట్టీ జారి కుడి కంట్లోకి వస్తుంది. కొనేముందు కింద నిలబడి రెండు పక్కలా లాగి చూడండి, అర నిమిషంలో తేలిపోతుంది.

క్రాస్‌అండర్‌లో పగ్గం నుంచి వచ్చే పట్టీ దవడ కింద అడ్డంగా దాటి అవతలి చెంప మీదుగా చెవుల వెనక్కి పోతుంది. ఎడమ పగ్గం లాగితే కుడి చెంపను తోస్తుంది. ముక్కునొక్కదాన్నే లాగకుండా తలంతటినీ నెట్టినట్టు ఉంటుంది కాబట్టి కొన్ని గుర్రాలు దీనికి చాలా హాయిగా తిరుగుతాయి. కానీ తోలు మందంగా ఉన్నా, గరుకుగా ఉన్నా, చెమటకు బిరుసెక్కినా, దవడ కింది పట్టీ జారాల్సినంత త్వరగా జారదు. మీరు చెయ్యి వదిలారు, పట్టీ వదల్లేదు. గుర్రం ఆగింది, అయినా తల చుట్టూ పట్టు సడలలేదు. ఆగినా ఫలితం లేదని దానికి అర్థమవుతుంది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ గుర్రం పాఠం నేర్చుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే.

మెకానికల్ హాకమోర్‌ది వేరే దారి. ముక్కు పట్టీకి రెండు పక్కలా ఇనప కాడలు, దవడ కింద గొలుసు. పగ్గం కాడ అడుగున కట్టి ఉంటుంది. అంటే ఇది మీట. ఇరుసు పైన కాడ 5 సెంటీమీటర్లు, కింద 15 సెంటీమీటర్లు ఉందనుకోండి, మీ చేతి లాగుడు గొలుసు దగ్గరికి సుమారు మూడింతలై చేరుతుంది. నోట్లో ఏమీ లేదు కదా అన్న ధైర్యంతో బిట్ పట్టుకున్నట్టే దీన్ని పట్టుకుంటే ముక్కునీ దవడనీ కలిపి పట్టకారుతో నొక్కినట్టవుతుంది. ఒంటి పగ్గంతో పక్కకు తిప్పడానికి కూడా ఇది మొరటు. నెమ్మదైన చేతిలో, పాఠం పూర్తయిన గుర్రం మీద ఇది మంచి పనిముట్టే. మొదటిసారి మారేవాళ్ళకు మాత్రం కాదు.

నాలుగోది బోసాల్. పచ్చితోలుతో అల్లిన బరువైన ముక్కు చుట్టు, గడ్డం కింద ముడి, దానికి తాడు పగ్గాలు. దీని చరిత్ర ఈ చర్చకంతటికీ కొత్త వెలుగిస్తుంది. హాకమోర్ అన్న మాటే స్పానిష్ ‘హాకిమా’ నుంచి వచ్చింది. కాలిఫోర్నియా పశువుల కాపరుల సంప్రదాయంలో చిన్న గుర్రానికి మొదటి చదువు బోసాల్‌తోనే. ఆ తరువాత చాలాకాలం ‘రెండు పగ్గాల’ దశ నడుస్తుంది: ముక్కు మీద సన్నని బోసాల్, నోట్లో బిట్, రెండిటికీ వేర్వేరు పగ్గాలు. గుర్రానికి తెలిసిన భాష ముక్కు మీద మాట్లాడుతూ నోట్లోని కొత్త భాషను నెమ్మదిగా పరిచయం చేస్తారు. అంటే వాళ్ళకు బిట్ చదువు చివర్లో వచ్చేది, అదీ వేలి కదలికతో సరిపెట్టుకోగల చేతికి. మనం బిట్‌తో మొదలుపెట్టి, అది పనిచేయనప్పుడు ముక్కు దగ్గరికి వస్తున్నాం. వాళ్ళు నడిచిన దారినే వెనక నుంచి నడుస్తున్నాం కాబట్టి మధ్యలో వాళ్ళు పెట్టుకున్న ఆ రెండు పగ్గాల మజిలీ మనకూ పనికొస్తుంది. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

పరిశోధనలు చెప్పేదీ చెప్పనిదీ

బిట్‌కు వ్యతిరేకంగా ఎక్కువగా వినబడే పేరు రాబర్ట్ కుక్. పశువైద్య శస్త్రచికిత్స ఆచార్యుడు. 2009లో డేనియల్ మిల్స్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగంలో నాలుగు గుర్రాలను జాయింట్ స్నాఫిల్‌తోనూ (మధ్యలో కీలున్న బిట్) క్రాస్‌అండర్‌తోనూ స్వారీ చేయించి మార్కులు వేశారు. సగటు 37 శాతం నుంచి 64 శాతానికి పెరిగింది. 2019లో ఇంకో వ్యాసం: 66 గుర్రాల్లో, బిట్ ఉన్నప్పుడూ తీశాకా 69 రకాల నొప్పి సంకేతాలను పోల్చి చూస్తే, అవి 87 శాతం తగ్గాయని.

ఈ అంకెలు చూసి పరుగెత్తేముందు రెండు సంగతులు. మొదటిది, కుక్ స్వయంగా ఒక క్రాస్‌అండర్ కళ్ళేన్ని రూపొందించిన మనిషి. అది ఆయన నిజాయితీని శంకించడానికి కారణం కాదు, ఇతరులు కూడా అదే ప్రయోగం చేసి చూడాలనడానికి కారణం. రెండోది, నాలుగు గుర్రాలంటే నాలుగే. 66 గుర్రాల అధ్యయనంలో సంకేతాలు గమనించి చెప్పింది వాటి రౌతులే. బిట్ తీసేయాలని అప్పటికే నిర్ణయించుకున్న మనిషి కళ్ళకు మెరుగుదల తొందరగా కనబడుతుంది. నా కళ్ళకూ అలాగే కనబడింది.

2009లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు స్వారీకి కొత్తగా అలవాటు చేస్తున్న గుర్రాలను రెండు గుంపులుగా చూశారు. బిట్ పెట్టిన గుర్రాలు ఎక్కువగా నమిలాయి, నోరు తెరిచాయి, తోక కొట్టుకున్నాయి. బిట్‌లెస్ గుర్రాలు చదువులో వాటికేమీ తీసిపోలేదు. ఈ ఫలితం అంత గట్టిగా మోగదు గానీ నాకు ఇదే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. కొత్త గుర్రానికి మొదటి పాఠాలు చెప్పడానికి నోట్లో ఇనుము అక్కర్లేదన్నంత వరకు అది చెబుతుంది, అంతకు మించి పోదు.

మరి ఆపడమెలా?

గుర్రం బరువు సుమారు 500 కిలోలు. బెదిరి పారిపోతున్న 500 కిలోల జంతువును చేతి బలంతో ఆపగలమన్నది భ్రమ, నోట్లో ఏమున్నా సరే. నొప్పి నుంచి గుర్రం చేసే మొదటి పని పారిపోవడం. అందుకే బెదిరిన గుర్రం నోట్లో లాగుడు పెరిగే కొద్దీ పరుగు పెరగడం చాలామంది చూసే ఉంటారు. ప్రాచీన ఆఫ్రికాలోని నుమిడియా రౌతులు కళ్ళెం లేకుండానే యుద్ధాలు చేశారని రోమన్ రచయితలు రాశారు. రోమ్‌లోని ట్రాజన్ స్తంభం మీద చెక్కిన ఉత్తర ఆఫ్రికా మూర్ రౌతుల గుర్రాలకూ కళ్ళేలు కనబడవు. ఇటీవలి కాలంలో చూస్తే, 2006లో అమెరికాలో స్టేసీ వెస్ట్‌ఫాల్ అనే రౌతు కళ్ళెం గానీ జీను గానీ లేకుండా ఆడగుర్రం మీద రైనింగ్ (గుర్రాన్ని దౌడు తీయించి, తిప్పి, జారుతూ ఆపే) పోటీలో దిగింది. పూర్తి వేగంతో వచ్చిన గుర్రం ఆమె కూర్చున్న తీరు మారగానే వెనక కాళ్ళ మీద జారుతూ ఆగింది. ఆ కొద్ది నిమిషాల వెనక ఏళ్ళ సాధన ఉంది. దాన్ని చూసి రేపే కళ్ళెం విప్పేయాలనుకోవడం ప్రమాదం. ఆపడమన్నది ఇనుములో ఉండదని తెలుసుకోవడానికి మాత్రం అది చాలు.

గుర్రం నేర్చుకునే తీరు ఇది: ఒత్తిడి వచ్చింది, అది రెండు మూడు పనులు చేసి చూసింది, ఒక పని చేయగానే ఒత్తిడి పోయింది. పోయిన క్షణంలో ఏం చేస్తూ ఉందో అదే జవాబని గుర్తుపెట్టుకుంటుంది. లాగడం ప్రశ్న మాత్రమే, వదలడంలో ఉంటుంది జవాబు. వదలడం ఒక్క అర సెకను ఆలస్యమైనా, అప్పటికి గుర్రం తల ఎగరేసి ఉంటే, తల ఎగరేయడమే సరైన జవాబని నేర్చుకుంటుంది. బిట్ ఎంత తీవ్రంగా ఉంటుందంటే ఆలస్యంగా వదిలే చేతి తప్పును కూడా అది కొంతకాలం కప్పిపుచ్చుతుంది. గుర్రం నొప్పికి ఆగుతుంది, మనం మన చెయ్యి బాగుందనుకుంటాం. ముక్కు పట్టీ ఆ ముసుగు తీసేస్తుంది.

నాకిది ఒక ఆడగుర్రం నేర్పింది. చేతిలో కళ్ళెం కనబడగానే తల ఆకాశానికెత్తేది. పశువైద్యుడికి పళ్ళు చూపించి, నోట్లో ఏ లోపమూ లేదని తేల్చుకున్నాక సైడ్‌పుల్ తొడిగాను. మొదటి రోజు కంచె లోపల నడకలోంచి ఆపబోతే ఆగలేదు. లాగాను. అది ముక్కు నా చేతుల మీద ఆనించి, బండి లాగుతున్నట్టు ముందుకు నడిచింది. ఇంకా లాగాను, ఇంకా ఆనింది. భుజాలు నొప్పెట్టి, విసిగి చేతులు వదిలేస్తే, రెండడుగులు వేసి తనంతట తనే ఆగింది. లాగినంతసేపూ దానికి ఆనుకోవడానికి గోడ ఒకటి నేనే కట్టి ఇచ్చాను. మరునాటి నుంచి పద్ధతి మార్చాను. ముందు ఊపిరి వదిలి నడుము బరువు దించడం, తరువాత మాట, తరువాత ఒక్క చేతి ఉంగరపు వేలు మూయడం, తెరవడం. రెండు పగ్గాలూ ఒకేసారి ఎప్పుడూ లాగలేదు. పది రోజుల్లో మూడో మెట్టు దాకా పోవాల్సిన పని చాలా తగ్గింది.

మార్చే ముందు, మార్చేటప్పుడు

బిట్ తీసేస్తే తల ఎగరేయడం మానుతుందనుకుని చాలామంది మొదలుపెడతారు. నిజంగా నోరే కారణమా అన్నది ముందు తేల్చుకోవాలి. పన్ను పదునెక్కి చెంప కోసుకుంటున్నా, జీను భుజాన్ని పొడుస్తున్నా, వెన్ను పట్టేసినా, కాలు కొద్దిగా కుంటుతున్నా, కడుపులో పుండ్లున్నా గుర్రం చెప్పుకునే తీరు ఇంచుమించు ఒకటే. స్వారీలో గుర్రం నొప్పిని గుర్తించడానికి పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 24 ప్రవర్తనల జాబితా తయారుచేసింది. వాటిలో 8 గానీ అంతకు మించి గానీ కనబడితే కండరాలో కీళ్ళో నొప్పెడుతున్నాయని అనుమానించాలి. ఆ 24లో నోరు తెరవడం, నాలుక బయట పెట్టడం కూడా ఉన్నాయి. నోట్లో కనబడే సంకేతం నిజానికి వెనక కాలి నొప్పిది కావచ్చు. అలాంటి గుర్రానికి కళ్ళెం మారిస్తే నోరు మూసుకుంటుంది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. కాబట్టి మొదటి ఖర్చు కొత్త కళ్ళెం మీద కాదు, పళ్ళూ వెన్నూ కాళ్ళూ చూసే పశువైద్యుడి మీద పెట్టండి.

కళ్ళెం అమర్చడానికి మీ వేళ్ళే కొలబద్ద. చెంప మీద కంటి కింద నుంచి ముందుకు దిగే ఎముక గట్టు తగులుతుంది. అది ముగిసే చోటుకు సుమారు రెండు వేళ్ళ కింద పట్టీ పడాలి. కింది నుంచి చూసినా సరిపోవాలి: వేలు దిగబడే మెత్తని చోటుకు బాగా పైన, గట్టి ఎముక మీదే కూర్చోవాలి. ముక్కు దూలం మీద, నడిమధ్యలో, రెండు వేళ్ళు పక్కపక్కనే సులువుగా దూరాలి. పక్కల కొలిస్తే మోసపోతాం, అక్కడ మెత్తగా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ వేళ్ళు దూరతాయి. అలాగని జోలెలా వేలాడనివ్వకూడదు, ప్రతి అడుగుకీ ఊగి ఒరుసుకుంటుంది. సన్నని తాడు కన్నా వెడల్పైన, మెత్త కుట్టిన పట్టీ మేలు. సన్నని పట్టీకి త్వరగా స్పందిస్తుంది అంటారు కొందరు. త్వరగా నొప్పెడుతుంది కాబట్టి స్పందిస్తుంది.

ఎక్కేముందు కొన్ని రోజులు నేల మీదే పని. గుర్రం పక్కన నిలబడి ఒక పగ్గాన్ని దారం లాగినంత నెమ్మదిగా పట్టుకుని ఆగండి. లాగొద్దు, పట్టుకుని ఉండండి. అది ముక్కును మీ వైపు ఒక్క అంగుళం తెచ్చిందా, వదిలేయండి. ఆ వైపు, ఈ వైపు. తరువాత నడిపిస్తూ ఆపడం, వెనక్కి రెండడుగులు వేయించడం. తల పక్కకు వంచితే వెనక కాళ్ళు దాటుకుంటూ పక్కకు జరగడం కూడా ఇక్కడే నేర్పాలి. అత్యవసరంలో గుర్రాన్ని నిజంగా ఆపేది ఈ పాఠమే. తిన్నగా ఉన్న మెడ మీద మీరు ఎంత బలంగా లాగినా గుర్రమే గెలుస్తుంది, మెడ వంగి వెనక కాళ్ళు దాటుకున్నప్పుడు దాని ఇంజను ఆగిపోతుంది. ఇది కింద, నడకలో, రెండు పక్కలా నిద్రలో లేపి అడిగినా చేసేంతగా రావాలి.

బిట్ కళ్ళేనికే ఏళ్ళ తరబడి అలవాటైన గుర్రానికీ, భయస్థుడైన రౌతుకీ రెండు పగ్గాల దారి మంచిది. పల్చని సైడ్‌పుల్ మీద మామూలు బిట్ కళ్ళెం తొడిగి, రెండు జతల పగ్గాలు పట్టుకుంటారు. మొదటి వారం ముక్కు పగ్గంతో అడగడం, జవాబు రాకపోతే బిట్ పగ్గంతో గుర్తుచేయడం. తరువాత బిట్ పగ్గం వదులుగా వేలాడుతూ ఉంటుంది. ఒక రోజు వస్తుంది, గంటసేపు స్వారీ చేసి దిగాక, బిట్ పగ్గం ముట్టుకోలేదని గుర్తొస్తుంది. అప్పుడు బిట్ తీసేయొచ్చు. నాలుగు పగ్గాలు చేతిలో చిక్కుపడటం మొదట చిరాగ్గా ఉంటుంది. వేర్వేరు రంగులవి పెట్టుకుంటే కళ్ళు దించకుండానే తేడా తెలుస్తుంది.

మొదటి స్వారీలు కంచె లోపలే, నడకలోనే. ఆగడం, తిరగడం, వెనక్కి నడవడం మూడూ మెత్తగా వచ్చాకే ట్రాట్ (దుడుకు నడక). ట్రాట్‌లోంచి నడకకు మాటతో దిగుతున్నప్పుడే కాంటర్ (నెమ్మది దౌడు). బయటి బాటకు చివర, అదీ నెమ్మదైన ఇంకో గుర్రం తోడుగా. కొన్ని గుర్రాలకు వారం చాలు, కొన్నిటికి నెలలు కావాలి. ఎన్ని రోజులు పట్టిందన్నది గుర్రం తెలివికి కొలత కాదు, బిట్ కింద అంతకు ముందు ఏం నేర్చుకుందన్నదానికి కొలత.

మధ్యలో వచ్చే ఒక దశ చాలామందిని బెదరగొడుతుంది. రెండో మూడో వారంలో గుర్రం తల ముందుకు చాచి, కిందికి దించి, పగ్గాలు చేతిలోంచి జారిపోయేంత పొడుగు అడుగుతుంది. నడక కూడా సాగుతుంది. పట్టు తప్పిందని కంగారు పడి పగ్గాలు కురచ చేస్తారు. బిట్‌కు జడిసి వెనక్కి ముడుచుకుని ఉన్న మెడ ఎన్నాళ్ళకో విప్పుకుంటోంది, విప్పుకోనివ్వండి. గుండ్రంగా వంగిన మెడ అందమే గానీ అది వెనక కాళ్ళ పని నుంచి రావాలి, ముక్కును లాగి తెప్పించుకునేది కాదు. బిట్‌లెస్‌తో ముక్కును ఛాతీ వైపు లాగి అదే ఆకారం తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. దానివల్ల మెడ బిగుసుకుంటుంది తప్ప ఇంకేమీ రాదు.

ఎవరు మారకూడదు? కూర్చునే తీరు ఇంకా కుదురుకోక, బ్యాలెన్స్ తప్పినప్పుడల్లా పగ్గాలు పట్టుకుని నిలదొక్కుకునే కొత్త రౌతు ఒంటరిగా మారకూడదు. అలాంటి రౌతు బిట్ కూడా పట్టుకోకూడదు, అది వేరే సంగతి. మెడ పట్టీ పట్టుకుని, గుర్రాన్ని ఇంకొకరు పొడుగు తాడుతో తిప్పుతుండగా కూర్చోవడం ముందు రావాలి. కిందనే మాట వినని గుర్రానికీ కళ్ళెం మార్పు మందు కాదు.

పోటీలకు వెళ్ళేవాళ్ళు నిబంధనలు ముందే చూసుకోవాలి. అంతర్జాతీయ అశ్వ క్రీడా సమాఖ్య పోటీల్లో డ్రెసాజ్‌కు (మైదానంలో గుర్రం కదలికల తీరును చూసి మార్కులు వేసే పోటీ) బిట్ తప్పనిసరి. అడ్డంకులు దూకే షో జంపింగ్‌లోనూ, దూరప్రయాణపు ఎండ్యూరెన్స్‌లోనూ బిట్‌లెస్‌ను అనుమతిస్తారు. ఈ రకాల దశలు కలిసిన ఈవెంటింగ్‌లో దూకే దశలకు సరే, డ్రెసాజ్ దశకు కాదు. నెదర్లాండ్స్ లాంటి కొన్ని దేశాలు తమ జాతీయ స్థాయి డ్రెసాజ్‌లో తలుపు తెరిచాయి. పూర్తి వేగంతో వచ్చి ఎత్తైన అడ్డంకులు దూకే గుర్రాన్ని బిట్ లేకుండా నమ్మొచ్చు గానీ చదునైన మైదానంలో అక్షరాల గుర్తుల మధ్య ట్రాట్ చేసే గుర్రాన్ని నమ్మలేమన్న నియమం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డ్రెసాజ్ చేసేవాళ్ళు రెండూ ఉంచుకోవచ్చు. వారంలో ఎక్కువ రోజులు ముక్కు మీద పని, ఒకటి రెండు రోజులు బిట్. మెత్తబడిన చెయ్యి బిట్ దగ్గరికి వెళ్ళినా మెత్తగానే ఉంటుంది, గుర్రానికి రెండు భాషలూ వస్తాయి.

ప్రతి స్వారీ తరువాత కళ్ళెం తీయగానే అరచేతితో ముక్కు మీద, దవడ కింద, చెవుల వెనక నిమరండి. చెమట తడిలో పట్టీ అచ్చు పడటం మామూలే, పది నిమిషాల్లో పోతుంది. వేడిగా తగిలినా, వేలు పెడితే గుర్రం కన్ను చిట్లించినా, వెంట్రుకలు ఎదురు తిరిగి విరిగినట్టున్నా ఆ చోటుకు నాలుగు రోజులు పట్టీ తగలనివ్వకండి. అక్కడ తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే గాయం ఎప్పుడో వారాల కిందటే జరిగిపోయింది. పట్టీ మార్చి, మళ్ళీ నేల మీద నుంచి, ఒక్క అంగుళం ముక్కు కదలిక దగ్గర నుంచి మొదలుపెట్టాలి.